ఆ ఓడలో ‘ఫుల్’ అంటే

1984 మార్చిలో జెర్సీ సిటీలోని ఒక నౌకా డిజైన్ ఆఫీసులో జూనియర్ ఇంజనీరుగా చేరాను. రెండో నెలలోనే సీనియర్ ప్రసాద్ గారి వెంట ఒక పెద్ద తెరచాప ఓడ పరీక్షకు పంపారు.

1930లలో ఒక ధనవంతుడు తన విహారానికి కట్టించుకున్న ఓడ అది. యుద్ధకాలంలో తెరచాపల స్తంభాలు నాలుగూ తీసేసి గస్తీకి వాడారు. తర్వాత చేతులు మారి, మళ్లీ స్తంభాలెత్తి, ప్రయాణికులను కరీబియన్ దీవులకు తిప్పుతోంది. ఆ ఏడాది స్తంభాలు కొత్తవి వేశారు కనుక ఓడ నిలకడను మళ్లీ కొలవాలి. తక్కువ వస్తే వాటిని కురచ చేయాల్సిందే. “యుద్ధం ఒకసారి నరికింది, మీరు రెండోసారి నరక్కండి” అని కెప్టెన్ ప్రసాద్ గారితో పొద్దుటి నుంచి అంటూనే ఉన్నాడు.

పద్ధతి సులువే. డెక్ మీద ఇనుప దిమ్మెలను ఒక్కొక్కటిగా పక్కకు జరుపుతారు. ఓడ కాస్త ఒరుగుతుంది; ఎంత తక్కువ ఒరిగితే అంత నిలకడ ఉన్నట్టు. లోపల దారానికి వేలాడే గుండు ఎంత జరిగిందో స్కేలు మీద చూసి గ్రాఫు గీస్తే గీత తిన్నగా రావాలి. ట్యాంకులు మాత్రం పూర్తిగా నిండి ఉండాలి, లేదా ఖాళీగా ఉండాలి. లోపల నీళ్లు కదిలితే నిలకడ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. ట్యాంకులు చూసి రాసే పని నాది. మంచినీళ్ల ట్యాంకు గురించి ఓడ చీఫ్ ఇంజనీరు “ఫుల్” అన్నాడు. మూత తీయమనడానికి మొహమాటపడి అదే రాసేశాను.

గీత వంగింది. నిలకడ చాలలేదు.

“గాలికి గట్టుకు కట్టిన తాళ్లు లాగుతున్నాయమ్మా, అందుకే వంగింది. మధ్యలోంచి లైన్ డ్రా చేసెయ్,” అన్నారు ప్రసాద్ గారు.

ఆ గీత గీస్తే స్తంభాలు పోయినట్టే. అంతమంది ముందు నా పొరపాటు పైకి చెప్పలేక, ‘మంచినీళ్ల ట్యాంకు తెరిచి చూడలేదు’ అని చీటీ రాసి ఆయన చేతిలో పెట్టాను.

“చీటీ ఏంటమ్మా, ఇదేమన్నా ఎగ్జామ్ హాలా? పద, ఓపెన్ చేయించు.”

తెరిపిస్తే పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. చీఫ్ ఇంజనీరు ఆశ్చర్యపోలేదు. అంతకు మించి పోస్తే గాలి గొట్టంలోంచి పొంగి ప్రయాణికుల నడవ తడుస్తుందట. పన్నెండేళ్లుగా అక్కడ ఫుల్ అంటే అంతేనట. కొంచెం ఒరిగినప్పుడు ఆ నీళ్లు పక్కకు పారేవి, ఇంకా ఒరిగితే ట్యాంకు కప్పు తగిలి ఆగేవి. గీత వంగింది అందుకే.

గొట్టంలోంచి నీళ్లు బయటికొచ్చే దాకా నింపించి, దిమ్మెలన్నీ మొదటి నుంచి జరిపించాం. ఈసారి గీత తిన్నగా వచ్చింది. స్తంభాలు దక్కాయి. అయితే ఉండాల్సిన నిలకడ కంటే మిగులు స్వల్పమే కనుక, గట్టి గాలిలో అన్నిటికంటే పై తెరచాపలు విప్పకూడదని షరతు పడింది. కెప్టెన్ దానికీ గొణిగాడు గానీ సంతకం పెట్టాడు.

పొద్దున రాసిన ‘ఫుల్’ అన్న మాట కొట్టేసి, నా తప్పును కూడా రిపోర్టులో రాయమన్నారు ప్రసాద్ గారు. రాశాను. రిటైరయ్యే దాకా మరే రిపోర్టులోనూ ‘ఫుల్’ అన్న మాట వాడలేదు. ‘గాలి గొట్టంలోంచి నీళ్లు రావడం చూశాను’ అని టైముతో సహా రాసేదాన్ని. చూడనప్పుడు, చూడలేదని రాసేదాన్ని.