తల పైలం

మేము మోటరు అర్రలో కాపురమున్నాం. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. గచ్చు వేసిన నేల, మూరెడు మందం రాతి గోడలు, టేకు దూలాల కప్పు. మోటరు కారు కోసం కట్టిన గదే అట్లా ఉంటే, మనుషుల కోసం కట్టిన ఇల్లు ఎట్లా ఉండేదో ఆ రోజుల్లో నిర్మల్‌లో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

ఆ చోట ఇప్పుడు ఇనుప షట్టరు వేసిన దుకాణం ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా అటు చూడకూడదనుకుంటాను. చూస్తాను. షట్టరు గడగడమని ఒక్క చప్పుడుతో లేస్తుంది. మా తలుపు అట్లా లేచేది కాదు. నాలుగు ముక్కలుగా, ఒక్కొక్క ముక్క వంపు తిరిగినప్పుడు ఒక్కొక్క చిన్న దగ్గు దగ్గి, కప్పు కిందికి పోయి పడుకునేది. ఆ నాలుగు దగ్గుల కోసం నా చెవులు ఇప్పటికీ వెతుకుతాయి.

ఊళ్లో కోటలాంటి మా గడి పోయింది, భూమి పోయింది, ఆ తర్వాత మోటరు పోయింది. నిర్మల్ ఇల్లు భైంసా నుంచి వచ్చిన పత్తి వ్యాపారి కొనుక్కున్నాడు. వీధివైపు ఉన్న మోటరు అర్ర, దాని వెనక చిన్న దొడ్డి మాత్రం మా అవ్వ అమ్మనివ్వలేదు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. వ్యాపారి దొడ్డి చుట్టూ గోడ కట్టాడు. ఆ గోడ బావి నడుమ నుంచి పోయింది. సగం బావి వాళ్లది, సగం మాది. వీధిలోకి వెళ్లాలంటే మాకు మోటరు వచ్చిపోయే ఆ వెడల్పాటి నోరు ఒక్కటే దారి. బాపు హైదరాబాదులో ఒక లాడ్జిలో ఉండి భూముల కేసు నడుపుతున్నాడు. నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. నాకు అన్నదమ్ములు లేరు. మిగిలిన ఆస్తికీ, మిగిలిన పేరుకూ నేనే వారసురాలిని.

మొదటి చలికాలం ఆ నోటికి తాటిపత్రి గుడ్డ కట్టుకుని గడిపాం. గాలికి అది ఉబ్బినప్పుడల్లా వీధికుక్కలు లోపలికి తొంగిచూసేవి. చలి తగ్గాక వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించాం. నడివయసు మనిషి, చెవిలో ఎప్పుడూ పెన్సిలు. నోటి నిండా మాటే.

"గోడ పెట్టుకోండ్రి దొరసానీ. నడుమ ఒక దర్వాజ ఎత్తుత. ముచ్చటగుంటది," అన్నాడు.

"గోడ వద్దు," అంది అవ్వ.

"ఎందుకొద్దు? గింత పెద్ద నోరు తెరిచి పెట్టుకుంటే ఇల్లెట్లయితది?"

"గోడ పెడితేనే ఇల్లయితది. గిది ఇల్లు గాదు, మోటరు అర్ర. దొర కేసు గెలిచి మోటరు తెస్తడు. అది యాడికెళ్లి లోపలికి రావాలె?"

వడ్లాయన నా వైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. అవ్వ చెప్పినదాంట్లో నాకు అర్థం కానిదేమీ లేదు. గోడ కడితే మేము అక్కడ ఉండిపోయినట్టు. కట్టనంతకాలం ఆగినట్టు.

తలుపు ఆలోచన బాపుది. మంచి రోజుల్లో బెల్లంపల్లిలో ఒక బొగ్గు గని దొర బంగళాకు భోజనానికి పోయి, అక్కడ ముక్కలుగా మడిచి పైకి పోయే తలుపు చూసి వచ్చాడు. వచ్చిన నెలలోనే వంపు పట్టాలు, ఇనుప చక్రాలు, గిరకలు, తీగ తాడు తెప్పించాడు. అవి వచ్చేసరికి మా కాలం మారింది. అన్నీ గోనెపట్టాల్లో చుట్టి అర్ర మూలన పడి ఉన్నాయి. అవ్వ వాటిని విప్పి చూపిస్తే వడ్లాయన ఒక చక్రాన్ని వేలితో తిప్పి, అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"గిది నేనెన్నడు పెట్టలే," అన్నాడు. "కానీ పెడత."

చెక్కకు అవ్వ తన రెండు భోషాణాలు ఇచ్చింది. వాటిలో పెట్టడానికి ఏమీ మిగలలేదని అనలేదు. వాటితో అర్ర ఇరుకవుతోందని అంది. ఆ టేకు పలకలతో వడ్లాయన అర్ర వెడల్పున నాలుగు ముక్కలు చేశాడు. రెండు పక్కలా పట్టాలు నిలబెట్టి, దారానికి రాయి కట్టి వేలాడదీసి, అవి నిటారుగా ఉన్నాయో లేదో పొద్దంతా చూసుకున్నాడు. ఒక పట్టా వెంట్రుకంత వాలినా చక్రం బయటికి దూకుతుందట. అడుగు ముక్కను నేలమీద నిలబెట్టి, చక్రాలు పట్టాలోకి ఎక్కించి, దానిమీద రెండోది, ఆ పైన మూడోది, ఆ పైన నాలుగోది, మడత బందులతో కలుపుతూ పోయాడు. పని జరిగినన్ని రోజులు అతని నోట ఒకటే మాట, జాగ్రత్త అని. "పైలం." బందుల దగ్గరికి వేలు పోతే పైలం. ముక్క లేస్తుంటే కింద నిలబడితే పైలం. గాలి వస్తే పైలం. దొడ్డిగోడ మీదుగా చూస్తున్న వ్యాపారి భార్య కూడా బావిలోకి చేద వేస్తూ "పైలం!" అని అరిచి నవ్వేది.

తలుపు బరువు మనిషి చేతిమీద పడకుండా రెండు పక్కలా తీగ తాళ్లకు ఎదురు బరువులు కట్టాలి. బరువులు ఎక్కడివి? అప్పటికి బజారులో కిలోలు వచ్చాయి. గడిలో వడ్లు తూయించుకున్న మా ఇనుప తూకం రాళ్లు ఎవరికీ అక్కరలేక దొడ్డిలో ఉన్నాయి. వడ్లాయన వాటిని ఒక్కొక్కటి మోసుకొచ్చి తలుపు ముక్కలకు సరితూచాడు. చివరి రాయి ఎత్తుతూ ఆగాడు.

"గీ రాళ్ల ముంగట మా తాత చేతులు కట్టుకుని నిలబడ్డడు దొరసానీ. ఇయ్యాల గియ్యే నాకాడికి కూలికొచ్చినయ్."

నాకు ఒళ్లు మండింది. అవ్వ మాత్రం చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది.

"కూలికొచ్చినా మా రాళ్లే. జర మర్యాదగ పట్టుకో," అంది.

వడ్లాయన పకపక నవ్వి, రాయిని రెండు చేతులతో దేవుడి పటంలా పట్టుకుని పోయాడు.

తలుపును పైకి ఎత్తి, కింద రెండు గుంజలు పోటు పెట్టాకే తాళ్లు కట్టాడు. అప్పుడు బరువులు నేలమీద ఉంటాయి, తాడు జారినా ఎవరి కాలిమీదా పడవు. ఆ రాళ్లు పైకీ కిందికీ తిరిగే చోట చుట్టూ పలకలతో గూడు కట్టించింది అవ్వ. తలుపు పైకి పోయిన కొద్దీ తేలికై చివర తనంతట తానే దూసుకుపోతుందని పట్టాల చివర గోనెగుడ్డ చుట్టిన దిమ్మెలు బిగించారు. గుంజలు తీసేశాక వడ్లాయన అందరినీ దూరంగా నిలబెట్టి, తాడు కొద్దికొద్దిగా వదిలాడు. నాలుగు ముక్కలు ఒకదాని వెనక ఒకటి దిగి నేలకు ఆనుకున్నాయి. మళ్లీ లాగాడు, నాలుగు దగ్గులు దగ్గి పైకి పోయాయి. వీధిలో జనం ఆగి చూశారు. అవ్వ కొంగు సర్దుకుని, ఆ పెద్ద నోటి నడుమ నుంచి తల నిటారుగా వీధిలోకి నడిచి, తిరిగి లోపలికి వచ్చింది. అంతే. ఆ నడక చూడటానికి ఇప్పుడు నేను ఏమైనా ఇస్తాను.

వడ్లాయన ఇంకా పోలేదు. "దినాం నాలుగు తాపల గింత తలుపు ఎవలు లేపుతరు? అడుగు రెండు ముక్కలల్ల ఒక దిడ్డి దర్వాజ కోస్త. ఇద్దరు మనుషులున్న కొంపకు గది చాలు," అన్నాడు.

దిడ్డి అంటే పెద్ద తలుపులో కోసిన చిన్న తలుపు. గడి తలుపులోనూ ఉండేది. దానిలో నుంచి పనివాళ్లు వంగి వచ్చేవారు. మా ఇంటివాళ్లెవరూ ఎన్నడూ దాన్ని వాడలేదు.

"పనోళ్ల కోసమైతే పెట్టు," అంది అవ్వ.

అప్పటికి మాకు పనివాళ్లు లేరు.

ఆ ఎండాకాలం నేను బయటికి పోయిన ప్రతిసారీ ఇద్దరం కలిసి పెద్ద తలుపే ఎత్తేవాళ్లం. దిడ్డి గొళ్లెం తీయనేలేదు. సాయంత్రం నేను వీధిలో ఉండగానే నా చెప్పుల చప్పుడు పట్టి అవ్వ తాడు లాగేది. మూల తిరిగేసరికి తలుపు లేస్తూ కనిపించేది, కింది నుంచి మొదట ఆమె పాదాలు, తర్వాత చీర కుచ్చెళ్లు, చేతులు, చివరకు ముఖం. నా కోసం ఎవరైనా తలుపు తీసిన రోజులు అవే.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున తలుపు సగం లేచి బిగుసుకుంది. అవ్వ తాడు ఇంకాస్త లాగింది. తలుపు కదిలి, ఆగి, ఒక్కసారిగా కిందికి జారింది. అవ్వ వెనక్కి దూకింది. గడప దగ్గర పెట్టిన రాగి బిందె చపాతీలా అణిగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చాలాసేపు ఇద్దరం ఆ బిందెను చూస్తూ నిలబడ్డాం.

వడ్లాయన వచ్చి చెక్కను చేతితో నిమిరి నాలుక కరుచుకున్నాడు.

"ఎండల్ల తూచిన దొరసానీ. కట్టె వాననీళ్లు తాగి బరువెక్కుతదని యాది మరిచిన."

"ఇంకో రాయి కట్టరాదు?" అంది అవ్వ.

"ఇప్పుడు కడితే ఎండలల్ల తలుపు మొగులు మీదికి పోతది. కట్టె ఆరేదాక ఎత్తద్దు." పట్టాలో చక్రం పైన అడ్డంగా ఇనుప చీల దిగ్గొట్టాడు. "దిడ్డి ఉన్నది గదా. ఫికర్ ఎందుకు?"

మర్నాడు బడికి పోవాలి. దిడ్డి గొళ్లెం తీశాను. ముందు తల పెట్టాలో కాలు పెట్టాలో తెలియలేదు. నేను వంగేటప్పుడు అవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది. బయటికి వచ్చాక నడుము సరిచేసుకుని, వీధిలో ఎవరు చూశారో చూడకుండా నడిచాను.

అవ్వ మాత్రం బయటికి రాలేదు. ఆ వానాకాలమంతా రాలేదు. కూరగాయలు నేనే తెచ్చాను. శనివారాలు గుడికి పోవడం మానేసింది. పగలు కూడా దీపం పెట్టుకుని కూర్చునేది. బావి దగ్గర వ్యాపారి భార్య అడిగేది.

"ఏం బాయీ, కండ్లకే కనబడ్తలేరు?"

"మోకాళ్లు నొస్తున్నయ్."

"గోడకు నిచ్చెన ఏస్త. మా వాకిట్లకెళ్లి పోదురు రాండ్రి."

"మోకాళ్లు నొస్తున్నయంటే నిచ్చెనెక్కుమంటవా?" అనేది అవ్వ. ఇద్దరూ నవ్వేవారు. అవ్వ నవ్వు ముందు ఆగేది.

ఆమె ఒకప్పటి తన ఇంటి వాకిట్లోకి, ఒకరి దయతో, నిచ్చెన దిగి పోతుందా? దిడ్డిలో నుంచి పోతుందా? చీల తీసే రోజు వచ్చేదాకా ఆమె అట్లాగే ఉంటుందని నాకు తెలుసు. ఈ ఏడు వానలు ఎంతకీ ఆగవేమోనని మాత్రమే నా భయం.

బతుకమ్మ రోజులు వచ్చాయి. సాయంత్రాలు వీధిలో పాటలు, చప్పట్లు. అవ్వ తలుపుకు వీపు ఆనించి కూర్చుని వినేది. గడిలో మా బతుకమ్మను ఇద్దరు పట్టుకుంటే గానీ లేచేది కాదు. ఊళ్లో దానికి మించిన ఎత్తుది ఇంకొకటి ఉండేది కాదు.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున అవ్వ అంది: "తంగేడు, గునుగు తే. శాన తే."

తెచ్చి ఇచ్చి బయటి పని మీద పోయాను. మధ్యాహ్నం తిరిగి వచ్చి దిడ్డిలో నుంచి వంగబోతే, దాని చట్రపు కమ్మి మీద పసుపు కనిపించింది. అయిదు వేళ్ల గుర్తులు, జానెడు జానెడు దూరంలో, అడుగు నుంచి పై కమ్మి దాకా. గౌరమ్మను చేసిన పసుపు చేత్తో అవ్వ ఆ దిడ్డిని కొలిచింది.

వంగి లోపలికి పోయాను. లోపల ఆమె తాంబాళంలో పువ్వులు పేరుస్తోంది. ఒక వరుస తంగేడు, ఒక వరుస గునుగు. ఒకచోట చేయి ఆపి, కూర్చున్నచోటి నుంచే దిడ్డి వైపు చూసి, పైన గుమ్మడి పువ్వు పెట్టేసింది. గంపలో సగానికి పైగా పువ్వులు మిగిలే ఉన్నాయి.

సాయంత్రం నేను ముందు బయటికి వచ్చాను. అవ్వ లోపలి నుంచి బతుకమ్మను అందించింది. పువ్వు ఒక్కటీ కమ్మికి తగల్లేదు. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని వంగింది. ఒక చేయి ఖాళీ చేసుకుని పట్టుకోబోయాను.

"పువ్వులు పట్టుకో. నన్ను గాదు," అంది.

వీధిలోకి వచ్చి నడుము నిలిపి నిలబడింది. వ్యాపారి భార్య అటునుంచి వస్తూ, "వచ్చిండ్రా బాయీ! మోకాళ్లు తగ్గినయా?" అంది.

"తగ్గినయ్," అంది అవ్వ. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు ఆడింది.

దసరా నాడు పనిముట్లకు పూజ చేసుకుని వడ్లాయన వచ్చాడు. నాలుగు రోజుల ఎండకు కట్టె ఆరింది. చీల పీకి, చక్రాలకు నూనె పెట్టి, తాడు ఒకసారి లాగి చూపించాడు. నాలుగు దగ్గులు. "ఇగ ఎత్తుకోండ్రి. రాజు లెక్క పోండ్రి," అని జమ్మి ఆకు అవ్వ చేతిలో పెట్టి పోయాడు.

పొద్దు వాలుతుండగా తలుపు మీద బయటి నుంచి చేయి చప్పుడైంది. "ఎవలు లేరా ఇంట్ల?" బాపు గొంతు. హైదరాబాదు నుంచి బస్సులో వచ్చాడు. ఇంట్ల అన్నాడు. అర్ర అనలేదు.

నేను పరుగున పోయి తాడు పట్టుకున్నాను. అవ్వ వచ్చి నా చేతిమీద చేయి వేసింది. తాడు వదిలించింది. పోయి దిడ్డి గొళ్లెం తీసింది.

అవతల బాపు షేర్వానీ గుండీలు, చేతిలో రేకు పెట్టె మాత్రమే కనిపించాయి. ఆయన అంత ఎత్తు మనిషి. అవ్వ కమ్మి మీద ఇంకా చెరగని పసుపు పక్కన అరచేయి పెట్టింది, ఆయన నుదురు తగలకుండా.

"తల పైలం," అంది.

బాపు పెట్టె లోపలికి జరిపి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, వంగాడు.