తిరగబడిన ఆకుపచ్చ బోర్డులు

నాలుగో క్లాసుతో బడి మానేసినదాన్ని. అయినా రాగి రేకు మీదికి సర్క్యూటు గీతలు ఎలా దింపాలో నాకు తెలుసు. మా మనవరాలు కంప్యూటర్లో గీస్తుంది, నేను ఇస్త్రీపెట్టెతో అద్దుతాను. లిలువాలో మా వంటింట్లో రెండేళ్లుగా సాగుతున్న పని ఇది. కాగితం బోర్లించి అద్దుతాం కాబట్టి బొమ్మను ముందే అద్దంలోలాగ తిరగేసి అచ్చు తీయాలి. ఒకసారి అది మరిచిపోయి రేకు దండగ చేసింది. ఆ రోజు నేను తిట్టిన తిట్లు దానికింకా గుర్తే.

మేడ మీద ట్యాంకు నిండగానే మోగే గంట అలా చేసుకున్నదే. మా బిల్డింగులో నాలుగు కాపురాలకీ ఒకటే మోటారు, దాని తాళంచెవి మా దగ్గరుంటుంది. ఈ వానాకాలం చెమ్మకి రాగి చిలుము పట్టి గంట మూగబోయింది. నీళ్లు పొంగి కింది వాటా గోడలు తడిశాయి. అక్కడుండే బెంగాలీ ఆయన, మేం దాదా అని పిలిచే పెద్దమనిషి, పైకొచ్చి గొంతు పెంచకుండానే చెప్పాడు.

"మాషీమా, ఇంకొక్కసారి పొంగిందంటే తాళంచెవి నేను తీసుకుంటాను."

అది ఒకప్పుడు ఆయన దగ్గరే ఉండేది. తన కొళాయి ఎండితే గాని మోటారు వేసేవాడు కాదు. మూడంతస్తులు బిందెలు మోసిన మోకాళ్లు నావి.

ఈసారి గంట బోర్డు ఫ్యాక్టరీలో చేయిద్దాం అంది మనవరాలు. పైన ఆకుపచ్చ పూత వేస్తారట, చెమ్మ అంటదట. ఒకటి కావాలన్నా ఐదు తీసుకోవాలట. మనకి ఐదు ట్యాంకులున్నాయా అని అక్కడే ఒళ్లు మండింది. తీరా పంపేముందు తెర మీద చూస్తే బొమ్మ తిన్నగా ఉంది.

"తిరగెయ్యలేదేటే? మళ్లీ దండగ సేస్తావా?"

ఏదో చెప్పబోయింది. నోరు మూయించాను. తిరగేసి పంపింది.

పది రోజులకి బోర్డులొచ్చాయి. వాటి మీది అక్షరాలు అద్దంలో చదువుకోవాలి. ఎనిమిది కాళ్ల చిప్పు పెడితే ఒక్క కాలూ దాని చోట పడదు. ఫ్యాక్టరీవాళ్లు కాగితం బోర్లించరు, పంపిన బొమ్మను ఉన్నదున్నట్టు దించుతారు. ఆ సంగతి మనవరాలికి ముందే తెలుసు.

"తెలిసీ ఎందుకు తిరగేసినావు?"

"నువ్వు చెప్పనిస్తే కదా మామ్మా. నీతో ఝగ్డా ఎవరు పడతారు?"

ఇంజనీరింగు చదివిన పిల్ల, నాలుగో క్లాసుదాని అరుపుకి జడిసి తప్పు చేసిందంటే ఎవర్ని కొట్టాలి? మళ్లీ ఐదు తెప్పిస్తానంది. వద్దన్నాను. మోటారు వేసిన ప్రతిసారీ వానలో గొడుగు పట్టుకుని ట్యాంకు దగ్గర నిలబడ్డాను. మూడోనాడు కోపం పట్టలేక ఆ చిప్పుని పట్టకారుతో తీసి వెల్లకిలా పెట్టాను. బోర్డు తిరగబడితే ఇదీ తిరగబడాలి గదా. మనవరాలు వేళ్ల మీద కాళ్లు లెక్కపెట్టుకుంది.

"హబే," అంది చిన్నగా. కుదురుతుందని.

పైకి లేచిన కాళ్లను ఒక్కొక్కటే వెనక్కి బోర్డు వైపుకి వంచాను. మొదటి చిప్పు కాలు విరిగింది. రెండోది నిలిచింది. మనవరాలు టంకం పెట్టింది. బోర్డు మీద బొద్దింక వెల్లకిలా పడున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్న చుక్క నీరు పొంగకముందే గంట మోగింది. మోటారు ఆపి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.

మిగిలిన నాలుగు బోర్డులూ పారేస్తానంది మనవరాలు. ఇవ్వలేదు, పప్పు డబ్బాలో దాచాను. ఇకమీదట తెలిసిన మాట నా ముందు మింగేసిందా, ఒకటి తీసి దాని కంచం పక్కన పెడతాను.