మాత్రతో ఇచ్చిన కాఫీ

పవిత్రకు రక్తం తక్కువగా ఉందన్న కబురు నాకు మొదట ఫోనులో చెప్పింది ఆ పిల్ల తల్లే, మా ఆడపడుచు రుక్మిణి. ఆ ఫోను పెట్టేసినప్పటి నుంచి మోస్తున్న బరువును ఇన్నేళ్లకు మీ ముందు దించుతున్నాను. నా పేరు అడగకండి.

నేను బడికి వెళ్లలేదు. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యాన స్తోత్రాలు చదువుకోగలను, అందుకు రోజూ ఆయనకు దండం పెట్టుకుంటాను. ఒక వరలక్ష్మీ వ్రతం నాడు, బొమ్మనహళ్ళిలోని మా ఇంటినిండా పేరంటాళ్లుండగా, కథ చదువుతున్న నా చేతిలోంచి రుక్మిణి పుస్తకం లాక్కుంది. "బడి మొహం చూడనిది చదివితే అమ్మవారికి అర్థమవుతాదా?" అంది. అందరూ నవ్వారు. అమ్మవారి ఎదుటే. నేను తలొంచుకుని తాంబూలాలు పంచాను.

తరువాత పవిత్ర దగ్గర్లోని గార్మెంట్స్ ఫ్యాక్టరీలో బట్టలు కత్తిరించే పనికి చేరి మా ఇంట్లోనే ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల. మెట్లెక్కితే ఆయాసం, పాలిపోయిన గోళ్లు. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు హిందూపురంలో పరీక్ష చేయించి, ఐరన్ మాత్రలిచ్చి మా ఇంటికి పంపి, రుక్మిణి నాకు ఫోను చేసింది.

"మాత్ర కాఫీతో ఇయ్యొద్దు, ఒంటికి పట్టదంట. నిమ్మరసంతో ఇయ్యి. బుర్రకెక్కిందా? ఏదీ, తిరిగి చెప్పు."

తిరిగి చెప్పాను.

మర్నాడు పొద్దున పవిత్ర మాత్ర చేతిలో పెట్టుకుని, "కడుపులో తిప్పుతాదత్తా" అంది.

"కాఫీతో మింగు అమ్మీ, తిప్పదు."

మతిమరుపా? కాదు. తెలియకనా? అలా చెప్పుకోగలిగితే ఎంత హాయి! రోజూ దీపం పెట్టిన చేత్తోనే ఆ గ్లాసు అందించాను. పిల్ల మీద నాకు కోపం లేదు. కానీ రుక్మిణి ఫోను చేసి, "ఇంకా నీరసంగానే ఉండాదా?" అని దిగులుగా అడిగిన ప్రతిసారీ నా లోపల ఏదో చల్లబడేది. ఆ చల్లదనం దేవుడి దయే అనుకున్నాను. అంతకు దిగాను.

ఒకరోజు పవిత్ర పనిచోట మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో నేను ఒక పక్క, రుక్మిణి ఒక పక్క. రక్తం ఎందుకు పెరగలేదో డాక్టరుకు అంతుపట్టలేదు.

"మాత్ర కాఫీతో వేసుకోవడం లేదు కదా? దాంతో వేసుకుంటే ఒంటికి పట్టదు."

పవిత్ర నావైపు చూసింది. అర్థమైంది ఆ పిల్లకు. తరువాత తల్లివైపు చూసింది.

"నిమ్మరసంతోనే సార్. మా అత్తే కలిపిస్తాది."

నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదు? భయమా? లేక అప్పటికీ రుక్మిణి ఏడుపు ఇంకాస్త చూడాలనా?

ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. రక్తం కోలుకుంది, చెయ్యి కోలుకోలేదు. కత్తెర పట్టలేక పని మానుకుంది. ఎందుకిలా చేశావత్తా అని ఈనాటికీ నన్ను అడగలేదు.

రుక్మిణిని నేను క్షమించలేదు. ఆమె ముందు ఒప్పుకోను కూడా. ఆ తృప్తి ఆమెకు దక్కనివ్వను. మీకు మాత్రం చెప్పాను, ఊపిరి కాస్త ఆడుతోంది.

నాకోసం ఏ దేవుడికీ మొక్కకండి. ఎడమ చేత్తో ముగ్గు వేయడం నేర్చుకుంటున్న పవిత్రను తలుచుకోండి.