నొప్పి ఎప్పుడు తగ్గుతది?

దేవరకొండ బస్టాండులో నా పక్కన కూర్చున్న ఒకామె, ఫోన్ తెరమీద కనిపిస్తున్న హోమియో డాక్టరుకు తన తలనొప్పి సంగతి చెప్పుకుంటోంది. ఆమె మొగుడు వెనకే నిలబడ్డాడు.

"నొప్పి ఎప్పుడు ఎక్కువైతది?" అని డాక్టరు అడిగాడు.

"పొద్దూకితే," అని మొగుడు చెప్పాడు.

"ఆమెను చెప్పనియ్యి. ఎప్పుడు తగ్గుతదమ్మా?"

"గీయన ఊర్ల లేనప్పుడు, సారూ."

మొగుడు ఆమె దవడ మీద గుద్దాడు. పెదవి చిట్లి రక్తం కారింది, ఫోన్ కింద పడింది. అతను మళ్లీ చెయ్యెత్తితే ఆ చేతిని నా కట్టెతో కొట్టాను.

"మా ఇంటి లొల్లి నీకెందుకే ముసల్దానా?"

"ఇది బస్టాండురా, నీ ఇల్లు గాదు."

కింద పడ్డ ఫోన్‌లోంచి డాక్టరు, "అమ్మా, నీ పక్కకు ఎవలన్న ఉన్నరా?" అని అరుస్తున్నాడు.

"నేనున్న," అని ఆమె చెయ్యి పట్టుకుని లేపాను. "ఠాణాకు పోదాం పా," అన్నాను గానీ, పోలీసు ఠాణా ఎక్కడో నాకు తెలియదు. దారి ఆమెకే తెలుసు.