వికెట్లు తీసిన తలనూనె

టెలివిజన్‌లో క్రికెట్ చూసే మా ఇంటి పిల్లలు స్కోరు మరిచిపోతారు గాని, ఓవర్ల మధ్య వచ్చే ప్రకటనలు మరిచిపోరు. టెలివిజన్ రాకముందే ఆబిడ్స్‌లో నేను అలా ఓవర్ల మధ్య ప్రకటనలు చెప్పే పని చేశాను. బాగా చేశాను. అందులోనే తప్పు కూడా చేశాను.

హైదరాబాదు ఇంకా వేరే రాష్ట్రంగా ఉన్న రోజులవి. నేనొక రేడియో దుకాణంలో గుమాస్తాను. టెస్టు మ్యాచ్ జరిగితే మా యజమాని బయట లౌడ్‌స్పీకర్ పెట్టించేవాడు. రేడియోలో వచ్చేది ఇంగ్లీషు. ఓవరు కాగానే నేను రేడియో గొంతు తగ్గించి, మైకు అందుకుని ఉర్దూలో, తెలుగులో స్కోరు చెప్పి, ఆ వెంటనే చుట్టుపక్కల దుకాణాల ప్రకటనలు వినిపించేవాణ్ణి. దారిన పోయేవాళ్ళు నా గొంతు విని ఆగేవారు.

అప్పుడే మా అక్క భర్త కిరాణా కొట్టులో కొలువు మానేసి, నాంపల్లిలో ఇంట్లోనే తలనూనె కాచి అమ్మడం మొదలుపెట్టాడు. అది నిలబడకపోతే మళ్ళీ ఆ కొట్టుకే పోవాలి. సీసాలు తెచ్చి మా కౌంటరు మీద పెట్టాడు.

"బామ్మర్దీ, నీ నోట్ల పడితే శహరంత తెలుస్తది."

"ఫికర్ జెయ్యకు బావా."

మొదటి రోజు నేను నూనె గురించి సాగదీస్తుండగానే తర్వాతి ఓవరు మొదలైంది. మనవాడు అవుటయ్యాడు. ఆ సంగతి జనానికి ఆలస్యంగా చెప్పాను.

"నూనె పోసి జార్చినవ్ గదనే!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

మర్నాడు అవతలి జట్టు బ్యాటింగ్. ఇద్దరు పాతుకుపోయారు. "జర నూనె సంగతి చెప్పు భాయ్!" అన్నారు. చెప్పాను. వికెట్ పడింది. ఇక రోడ్డంతా ఈలలు. ఆపైన ఏ జోడీ నిలిచినా "నూనె! నూనె!" అని కేకలే. నేనూ రెచ్చిపోయాను. ఈ నూనె వాసనకే వికెట్లు కూలతాయన్నాను. కుర్రకారు సరదాకు సీసాలు కొని, ఒకడి నెత్తిన ఒకడు పోసుకున్నారు.

సాయంత్రం బావ వచ్చాడు. "చూసినవా, ఎట్ల అమ్మిననో!" అన్నాను గర్వంగా.

"ఇందాక ఇంటికొచ్చి ఇద్దరు ఆడోళ్ళు సీస చేతిల పట్టుకున్నరు. ఇదేనా ఆ వికెట్ల నూనె అని నవ్వి, పెట్టి పోయిన్రు. అందుల ఏమేస్తనో, ఎట్ల కాస్తనో ఒక్కసారన్న చెప్పినవా?"

చెప్పలేదు. నాకు తెలియదు కూడా. అప్పుడు అడిగి తెలుసుకున్నాను: నువ్వుల నూనె, అక్క దంచి తీసిన గుంటగలగరాకు రసం, చిటపట ఆగేదాకా సన్నసెగ.

మరుసటి రోజు బావను పక్కన నిలబెట్టుకుని, ఏ హాస్యమూ లేకుండా అదంతా చెప్పాను.

"గియన్ని ఎందుకే? వికెట్ పడ్డదా లేదా?" అన్నాడొకడు. పడలేదు. జనం విసుక్కున్నారు. రోడ్డు దాటి వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోయారు.

బావ మిగిలిన సీసాలను సంచిలో పెట్టుకుని నాంపల్లి వైపు నడిచాడు. నేను మైకు వదిలేసి ఆయన వెంట వెళ్ళాల్సింది. ఇంతలో ఓవరు అయిపోయింది. నేను స్కోరు చెప్పడం మొదలుపెట్టాను.