సంచిలో చీటీలు

నా చిన్నప్పుడు మా ఇంటి గోడకు ఒక పాత ఫోటో వేలాడుతుండేది. గుడ్డ రెక్కల విమానం ముందు ఖాకీ నిక్కర్లలో పదిమంది నిలబడి ఉంటారు. చివరన బక్కగా ఉన్నవాడు మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న. తెల్లదొరల కాలంలో మనవాళ్లతో మొట్టమొదటి యుద్ధవిమానాల దళం కట్టినప్పుడు ఆయన అందులో చేరాడు. మొదట్లో నాలుగే విమానాలట. పొద్దున బాంబులు బిగించినవాడే తుపాకీ పట్టుకొని వెనక సీట్లో కూర్చోవాలట.

జమ్మలమడుగు దగ్గరి మా ఊరు రెండు పార్టీలుగా చీలి ఉండేది. ఎలక్షన్ల ముందు అవతలి పార్టీవాళ్లు మా చిన్నాయనను బస్సులోంచి దించి, బాంబు వేసి, పడ్డాక వేటకొడవళ్లతో నరికారు. నేను చూసింది ఆయన చెప్పు ఒక్కటే. అందులో రక్తం గడ్డకట్టి ఉండింది. సమాధి మట్టి ఆరకముందే మా పార్టీవాళ్లు ఇంటికి వచ్చారు.

"విమానాలకే బాంబులు కట్టినోనివి. మాకు పది కట్టియ్యలేవా పెద్దాయప్పా? నీ కొడుకు కోసమే గదా!" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. ఎల్లుండి తెల్లవారుజామున అవతలివాళ్లుండే పడమటి వీధి మీద పడతారట. చిన్నాయనను చంపినవాళ్లు అక్కడ నలుగురే. మిగిలిందంతా ఆడవాళ్లూ పిల్లలూ.

జేజినాయన వాళ్లకు దళం తొలినాళ్ల సంగతి చెప్పాడు. సరిహద్దు కొండల్లో తిరగబడిన ఊళ్ల మీద బాంబులు వేసేముందు, ఖాళీ చేసి పొమ్మని ఒకరోజు ముందుగా చీటీలు చల్లేవారట. ఒక ఊరి మీద ఆయనే తన చేత్తో చల్లాడు. మర్నాడు వెళ్తే, ఒకామె బిడ్డను చంకనేసుకొని ఆ చీటీనే పైకెత్తి ఊపుతూ ఉందట. ఆమెకు చదువు రాదు, అది కాపాడే కాగితం అనుకుందేమో. ఆయన బిగించిన బాంబు అక్కడే పడింది.

"నేను కట్టనప్పా. మీరు యాడన్నా కట్టించుకుంటే, నేను పోయి ఆ వీధిలో చెప్పొస్తా."

వాళ్లు నవ్వారు. "పో, పో. వాళ్లే నిన్ను ముక్కలు చేసి పంపిస్తారు."

మరునాడు మధ్యాహ్నం మోకరించి ప్రార్థన చేసుకొని, 'తెల్లారేలోగా వీధి ఖాళీ చేయండి' అని నాతో కాగితాల మీద రాయించాడు. పిల్ల పక్కనుంటే కొట్లాటకు రాలేదని తెలుస్తుందని నన్ను వెంట తీసుకెళ్లాడు. కానీ ఆ రోజుల్లో మా సీమలో నాటుబాంబులు సంచుల్లోనే తెచ్చేవారు; సంచిలో చెయ్యి పెట్టిన పగవాణ్ణి ఎవరూ ఆగి అడిగేవారు కాదు. అది ఆయన మరిచిపోయాడు.

వీధి మొదట్లో నిలబడి సంచిలోంచి చీటీ తీయబోయాడు. అరుగు మీది కుర్రాడు ఒక్క ఉరుకున వచ్చి కొడవలి వేశాడు. మోచేతి కింద ఆ చెయ్యి తోలుకు వేలాడింది. రక్తం నా పావడ మీద చిమ్మింది. సంచి జారిపడి కాగితాలు గాలికి వీధంతా ఎగిరాయి.

కుర్రాడు తెల్లబోయాడు. ఒక కాగితం తీసి తిప్పి తిప్పి చూశాడు. "ఏంది ఇది? ఏందని రాసినారు?"

జేజినాయన గోడకు చేరగిలబడి నావైపు చూశాడు. "ఏం చూస్తాండావు పాపా? చదువు. గట్టిగా చదువు."

మొదటిసారి గొంతు పెగల్లేదు. మళ్లీ మొదలుపెట్టాను. వింటూనే ఒక ముసలామె మనవణ్ణి ఎత్తుకుంది. పొద్దుగూకేలోగా వీధంతా పిల్లలతో, గొడ్లతో మైలవరం దారి పట్టింది. మర్నాడు బాంబులు పడ్డాయి. గోడలు కూలాయి, గడ్డివాములు కాలాయి. మనిషి ఒక్కరూ చావలేదు.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో జేజినాయన చెయ్యి తీసేశారు. నరికిన కుర్రాడి పేరు ఆయన ఏ పోలీసుకూ చెప్పలేదు. అపాయం చూసీ నోరెత్తని కావలివాణ్ణి దేవుడు ఆ రక్తానికి జవాబు అడుగుతాడని మా చర్చి సంఘంలో ఎన్నోసార్లు విన్నాను. దాని బరువు నాకు తెలిసింది మాత్రం ఆ వీధిలోనే.

ఇప్పుడు నాకు అరవై దాటింది. చదువు రాక కాగితం పట్టుకొని నా దగ్గరికి వచ్చిన ఏ ఆడమనిషినీ వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించి ఊరికే పంపను. కూర్చోబెట్టి గట్టిగా చదువుతాను. మొదటి మాట దగ్గర ఇప్పటికీ నా గొంతు పడిపోతుంది. అప్పుడు మళ్లీ మొదలుపెడతాను.