ఇరవై అయిదు గుంటల బల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో బట్టలుతికే మిషన్ లేదు. నార్త్ కరోలినాలో, ఇప్పుడు నేనుంటున్న మోరిస్‌విల్‌కి రెండు గంటల దూరంలో, ఒక నూలుమిల్లు ఊళ్ళో అద్దెకుండేవాళ్ళం. డెబ్బైల చివరి సంవత్సరాలవి. ఈ రోజు మోరిస్‌విల్‌లో కారు ఆపిన చోటల్లా ఎవరో ఒకరు తెలుగులో ఫోన్ మాట్లాడుతూ కనిపిస్తారు. ఆ ఊళ్ళో అప్పుడు తెలుగువాళ్ళమంటే మేమే. నాన్న మిల్లులో ఇంజనీరు, అమ్మ ఆస్పత్రిలో నర్సు. అమ్మ చెల్లెలు, మా పిన్ని, గుంటూరు వైపు నర్సింగ్ చదివి వచ్చి, ఇక్కడి లైసెన్సు పరీక్ష కోసం మా ఇంట్లో ఉండి చదువుకునేది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. నెలకోసారి వేరే ఊళ్ళో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి చేసుకునే ప్రార్థనలో పాట ఎత్తుకునేది పిన్నే. నాకు పదకొండేళ్ళు. పిన్ని నవ్వితే చాలు, ఏం చెయ్యమన్నా చేసేదాన్ని.

ప్రతి శనివారం పొద్దున్న పిన్నీ నేనూ వారం బట్టలన్నీ రెండు బుట్టల్లో వేసుకుని కారులో లాండ్రీకి వెళ్ళేవాళ్ళం. ఉతకడానికి కొన్ని, ఆరబెట్టే డ్రయ్యర్లకి కొన్ని లెక్కగా నాణేలు అమ్మ ఒక గుడ్డసంచిలో వేసి ఇచ్చేది. లాండ్రీని ఆనుకుని, మధ్యలో తలుపుతో, ఒక కొట్టు ఉండేది. సోడాలు, సిగరెట్లు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్మేవారు. కొట్టతను పొగాకు నముల్తూ, గోధుమరంగు ఉమ్మిని కాగితం కప్పులోకి వదులుతూ ఉండేవాడు. ఆ కప్పు ఎప్పుడూ వేరుశనక్కాయల పక్కనే. కొట్టు వెనక గదిలో, నేల చెప్పులకి అంటుకునే చోట, ఆ బల్ల ఉండేది.

దాన్ని అందరూ పిన్‌బాల్ అనే అనేవారు గానీ, పిల్లలాడే పిన్‌బాల్‌కుండే రెక్కలు దీనికి లేవు. జారిపోయే గోళీని తిరిగి పైకి కొట్టే వీలే లేదు. వాలుగా ఉన్న బల్ల మీద ఇరవై అయిదు గుంటలు, వాటి చుట్టూ మేకులూ స్ప్రింగులూ. ఎదురుగా నిలబెట్టిన అద్దం మీద బింగో చీటీలాగా అంకెల గడులు. నాణెం వేసి, పిడి లాగి వదిలితే ఉక్కుగోళీ పైకెళ్ళి, మేకుల మధ్య తడబడుతూ దిగి ఏదో ఒక గుంటలో కూర్చుంటుంది. ఆ గుంట అంకె అద్దం మీద వెలుగుతుంది. ఆటకి అయిదు గోళీలు. వెలిగిన అంకెలు మూడు ఒకే వరసలో పడితే గెలుపు, నాలుగు పడితే పెద్ద గెలుపు. బల్లని అరచేతులతో కాస్త అదిలించి గోళీని పక్కకి మళ్ళించవచ్చు. మరీ అదిలిస్తే దీపాలారిపోయి ఆట పోతుంది.

కానీ అసలు మాయంతా గోళీ కదలక ముందే జరిగేది. ఒక్క నాణెంతో ఆట ఆడొచ్చు. ఇంకో నాణెం వేస్తే, గెలిచినప్పుడు వచ్చేది పెరగవచ్చు, పెరగకపోవచ్చు. నాణెం పడగానే అద్దం మీద దీపాలు పరిగెత్తేవి, లోపల చేటలో గింజలు చెరిగినట్టు చప్పుడయ్యేది, అంతా ఆగేది. ఏమీ పెరిగేది కాదు. ఇంకో నాణెం. ఈసారి ఒక మెట్టు పెరిగేది. ఇంకోటి. మొదటి గోళీ వదిలేలోపు ఏడెనిమిది నాణేలు వెళ్ళిపోయేవి. గెలిస్తే ఆ గెలిచిన ఆటల సంఖ్య అద్దం మీద పడేది. కొట్టతను వీధి తలుపు వైపు ఒకసారి చూసి, బల్ల కిందికి చెయ్యి పెట్టి ఏదో నొక్కితే ఆ సంఖ్య టకటకా సున్నాకి దిగిపోయేది, అతని జేబులోంచి డబ్బు పిన్ని చేతికొచ్చేది. అద్దం మీద మాత్రం ‘కేవలం వినోదానికే’ అని ఇంగ్లిషులో రాసి ఉండేది.

పిన్ని మొదటిసారి సరదాకే ఆడింది, గెలిచింది. నాది మంచి చెయ్యి అని పిడి నాచేత లాగించేది. ఆదివారం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే నేను శనివారం కళ్ళు తెరుచుకుని, “ప్రభువా, పదహారో గుంట” అని వేడుకునేదాన్ని. అప్పట్లో ఆ గది కంపు కూడా నాకు పండగ వాసనలాగే ఉండేది.

అమ్మ ఇచ్చిన నాణేల్లో సగంతో బట్టలు ఉతికేవాళ్ళం, మిగిలిన డ్రయ్యర్ నాణేలు బల్ల మింగేసేది. చలికాలం. పెరట్లో ఆరేస్తే బట్టలు అట్టల్లా బిగుసుకుపోయేవి. అందుకని తడిబట్టలే ఇంటికి తెచ్చి కుర్చీల మీద, తలుపుల మీద, హీటర్ ముందర పరిచేవాళ్ళం. కిటికీలన్నీ మూసి ఉండే ఇంట్లో అవి రెండు రోజులు చెమ్మగానే ఉండేవి. మొదటి వారమే అమ్మ అడిగింది, డ్రయ్యర్‌లో వెయ్యలేదా అని.

“వేశామక్కా. ఆ డ్రయ్యర్లు సరిగా వర్క్ చెయ్యట్లేదు. కదా బుజ్జీ?” అంది పిన్ని.

నేను తల ఊపాను.

అలా ఆరు శనివారాలు గడిచాయి. ఏడో వారం మొదట్లో, ఒక సోమవారం సాయంత్రం, అమ్మ డ్యూటీ నుంచి వచ్చి కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుంది. నేను పక్కగదిలో హోంవర్క్ చేసుకుంటున్నాను. అమ్మ నాన్నతో చెబుతోంది. వార్డు పెద్ద నర్సు అమ్మని పక్కకి పిలిచి, చాలా మర్యాదగా ఒక కాగితం సంచి చేతిలో పెట్టిందట. అందులో ఒక సబ్బు, ఒక డియోడరెంట్. “మీ ఇంటి వంటల వాసన మీ బట్టల్లోంచి వస్తోంది, పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారు” అందట. అమ్మ థాంక్యూ అని తీసుకుందట.

“నాకు తెలియట్లేదండీ. మీకు వస్తోందా వాసన? నిజం చెప్పండి,” అని అమ్మ అడగడం నాకు వినిపించింది. నాన్న ఏమన్నారో వినిపించలేదు.

ఆ మర్నాడు అమ్మమ్మ పంపిన ఎండురొయ్యల డబ్బా మూతకి అమ్మ టేపు వేసి బయట చెత్తడబ్బాలో పారేసింది. ఇంగువ కూడా. కూరల్లో వెల్లుల్లి మానేసింది, పోపు మానేసింది. ఆ వారమంతా ఉడకబెట్టిన కూరగాయలూ ఉప్పూ తిన్నాం. పొద్దున్నే అమ్మ అద్దం ముందు నిలబడి జడ ముందుకి లాక్కుని వాసన చూసుకునేది. మణికట్టు చూసుకునేది. తెల్ల యూనిఫాం తొడుక్కునే ముందు దాని మీద డియోడరెంట్ రుద్దేది. ఆ పైపూత కింద తడిసి ముక్కిపోయిన గుడ్డవాసన ఎక్కడికీ పోలేదు. ఇల్లంతా అదే వాసన కాబట్టి లోపలున్న మాకు తెలియలేదు గానీ, స్కూలు నుంచి వచ్చి తలుపు తీసినప్పుడు నాకు ఒక్క క్షణం తెలిసేది. ఆ వాసన ఎక్కడిదో ఆ ఇంట్లో తెలిసినవాళ్ళం ఇద్దరం. పిన్ని పుస్తకంలోంచి తల ఎత్తేది కాదు. నేను ఉప్పు కూర తింటూ, నోరు మెదపకుండా, అయిదు రోజులు గడిపాను.

శనివారం మళ్ళీ వెళ్ళాం. ఆ రోజు పిన్ని ఆడుతుండగా బల్లలో నాణెం ఇరుక్కుంది. కొట్టతను ఫోన్ చేస్తే బాగుచేసే ముసలాయన వచ్చాడు. నెరిసిన కనుబొమ్మలు, చేతిలో రేకు పెట్టె. ఆయన ముందు మా బుట్టలు చూశాడు, వాటిలోంచి నేల మీదికి కారుతున్న నీళ్ళు చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కొట్టతను ముందు గదిలోకి వెళ్ళాక తాళం తీసి బల్ల వెనక తలుపు పూర్తిగా తెరిచి, ఇలా వచ్చి చూడమన్నట్టు నాకు వేలితో సైగ చేశాడు.

ఆ దీపాల వెనక ఏదో అద్భుతం ఉంటుందనుకున్నాను. గుడ్డ చుట్టిన వైర్లు జడలు జడలుగా వేలాడుతున్నాయి. వందల ఇనపరేకు ముక్కల మీద జిడ్డు, కాలిన దుమ్ము. వెచ్చదనానికి చేరిన బొద్దింకలు వరసగా చచ్చిపడి ఉన్నాయి. బతికున్నవి వెలుతురుకి పరిగెత్తాయి. పిడి పట్టుకున్న చెయ్యిని గౌనుకి తుడుచుకున్నాను.

ఆయన ఒక గుండ్రటి పలక చూపించాడు. అరచేతంత ఉంటుంది, దాని చుట్టూ ఇత్తడి మేకులు, అంచున రంపానికున్నట్టు పళ్ళు. నాణెం వెయ్యకుండా, నాణెం తగిలే మీటని తన వేలితోనే నొక్కుతూ నన్ను లెక్కపెట్టమన్నాడు. మూడో నొక్కుకి అద్దం మీద మెట్టు పెరిగింది. మళ్ళీ రెండు నొక్కులకి ఇంకో మెట్టు. అప్పుడాయన గెలుపు పడినట్టుగా ఇంకో మీటని గబగబా కదిపాడు. గెలిచిన సంఖ్య పెరుగుతుంటే ఆ పలక పంటి తర్వాత పన్ను వెనక్కి తిరగడం నా కళ్ళతో చూశాను. “ఇప్పుడు లెక్కపెట్టు” అన్నాడు. నొక్కాడు. దీపాలు పరిగెత్తాయి, గింజల చప్పుడయింది, ఆగింది. పద్నాలుగు నొక్కులయినా ఒక్క మెట్టూ పెరగలేదు. ఆ దీపాలు మాత్రం ప్రతిసారీ అంతే హుషారుగా పరిగెత్తాయి.

ఆయన మెల్లగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. గోళీ ఏ గుంటలో పడుతుందో ఈ పెట్టెకి తెలియదు. కానీ గెలిచినవాళ్ళకి మళ్ళీ ఎంత తక్కువ ఇవ్వాలో తెలుసు. ఎవరైనా గెలిస్తే ఈ పలక బిగుస్తుంది. నాణేలు పడుతూ పడుతూ ఉంటే మళ్ళీ కాస్త వదులవుతుంది, ఆడేవాళ్ళు లేచిపోకుండా. ముప్పై ఏళ్ళుగా వీటిని బాగుచేస్తున్నాననీ, ఒక్క నాణెం కూడా ఎప్పుడూ వెయ్యలేదనీ అన్నాడు. నా వెనక నిలబడ్డ పిన్ని వైపు చూస్తూనే అన్నాడు, మాట మాత్రం నాకే చెప్పాడు. ఒక పరాయి మనిషి పెద్దదాన్ని సిగ్గుపరచకుండా పిల్లకి చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు. ఆ మర్యాద ఎంత పెద్దదో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

ఆయన ఇరుక్కున్న నాణెం తీసి, తలుపు మూసి, తాళం వేసి వెళ్ళిపోయాక పిన్ని చెయ్యి చాపింది.

“సంచి ఇటివ్వు బుజ్జీ.”

“పిన్నీ, ఆయన చెప్పాడు కదా.”

“చెప్పాడు కాబట్టే. పొద్దుట్నించీ ఎన్ని వేశాం? లూజ్ అయ్యే ఉంటుంది. ఇప్పుడు వదిలేస్తే ఇంకెవడో వచ్చి తన్నుకుపోతాడు.”

ఆమె కళ్ళు నా మీద లేవు, అద్దం మీద ఉన్నాయి. పెదవులు తడిగా మెరుస్తున్నాయి. పాట ఎత్తుకునే ఆ నోరు చూడలేక చూపు తిప్పుకున్నాను. కానీ ఆ మాట విన్న వెంటనే, అవును కదా లూజ్ అయ్యే ఉంటుంది అని నా మనసు కూడా అనడం నాకు తెలిసింది. నా లోపల కూడా ఆ బొద్దింకలు పరిగెత్తినట్టనిపించింది.

సంచి ఇవ్వలేదు. బుట్టలు ఒకదాని తర్వాత ఒకటి లాక్కుంటూ లాండ్రీలోకి వెళ్ళి, ముందుగా అమ్మ తెల్ల యూనిఫాంలు డ్రయ్యర్‌లో వేసి, మిగిలిన నాణేలన్నీ అందులోనే పోశాను. పిన్ని వచ్చి నా చెయ్యి పట్టుకుంది, గట్టిగానే. తర్వాత వదిలేసి, కారులో కూర్చుని ఏడ్చింది. నేను డ్రయ్యర్ అద్దంలోంచి బట్టలు తిరగడం చూస్తూ నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ తలుపు తీసింది. లోపలికి అడుగు పెట్టకుండా, బూట్లతోనే, బుట్ట చేతిలో ఉండగానే చెప్పేశాను. “అమ్మా, అది నీ వంట వాసన కాదు. తడిబట్టల వాసన. డ్రయ్యర్ డబ్బులతో మేం ఆట ఆడాం. నేను కూడా ఆడాను.”

కొడుతుందనుకున్నాను. అమ్మ బుట్టలోంచి యూనిఫాం ఒకటి తీసి ముఖానికి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

“నా వంట కాదా?” అంది. “నా ఒంటిది కాదా?”

పిన్నిని ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం, “ఎప్పట్నించి తెలుసు?” అని అడిగింది. సోమవారం నుంచి అన్నాను. అమ్మ తల పంకించి, లోపలికెళ్ళి, వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి పప్పుకి పోపు పెట్టింది. ఆస్పత్రిలో ఆ పెద్ద నర్సు ఎప్పుడూ క్షమాపణ అడగలేదు, అమ్మ ఆమెకి అసలు సంగతి చెప్పనూ లేదు. ఎండురొయ్యలు మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది.

పిన్ని పరీక్ష పాసై ఆరిజోనా వెళ్ళింది. ఆ బల్లలు పోయాయి గానీ, కాసినోల్లో అలాంటివే వేరేవి వచ్చాయి. పిన్ని జీవితంలో చాలా భాగం వాటి ముందరే గడిచింది. రెండేళ్ళ క్రితం అక్కడే చాండ్లర్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తనంతట తనే అంది, “ఆ ముసలాయన చెప్పింది నాకూ అర్థమైందే బుజ్జీ. నీకన్నా ముందే అర్థమైంది.” నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నాకు ఇప్పటికీ ఆ బల్ల మీదకన్నా ఆ అయిదు రోజుల మీదే ఎక్కువ ఏవగింపు. అమ్మ జడ వాసన చూసుకుంటుంటే ఎదురుగా కూర్చుని ఉప్పు కూర తిన్న ఆ పిల్లని నేను ఇంకా పూర్తిగా క్షమించలేదు. అందుకే ఇంట్లో ఎవరికైనా చెప్పవలసిన మాట ఉంటే, కారుకి దెబ్బ తగిలించానని గానీ, డాక్టరు చెప్పిన రిపోర్టు గురించి గానీ, గుమ్మంలోనే చెప్పేస్తాను. ముందు మంచినీళ్ళు తాగి కూర్చోమంటారు మావాళ్ళు. కూర్చుంటే, ఎదుటివాళ్ళ ముఖం చూస్తే, ఈ పూటకి వద్దులే అనిపిస్తుందని నాకు తెలుసు. అందుకని ముఖం చూడకుండానే మొదలుపెడతాను.